ప్రీమియం విచారణలో మోగని గంట

గంటాయన నోరు విప్పకుండా, వేలైనా కదపకుండా ఒక ఇన్సూరెన్స్ కంపెనీని కూలదోశాడు. మరీ కూలదోశాడంటే కళ్లు పోతాయి లెండి, కంపెనీ ఇప్పటికీ గుండ్రాయిలా ఉంది. ఆ ఏడు అది అడిగిన ప్రీమియం పెంపు మాత్రం కూలింది. వేలు కదపలేదన్నది మాత్రం నిజం.

ఆరోగ్య బీమా ప్రీమియం పెంచాలంటే కంపెనీలు ప్రభుత్వ కార్యాలయానికొచ్చి అందరి ముందూ కారణం చెప్పుకోవాలి. ఆ విచారణ గదిలో ఓ మూల బల్ల, బల్ల మీద ఇత్తడి గంట, దాని వెనక మన గంటాయన. ఎవరి గడువు ముగిసినా ఆయన గంట నొక్కాలి, మాట అక్కడితో ఆగాలి. రోగుల పాలిట అది యమగంట. కంపెనీవాళ్లకేమో బడి వదిలే గంట. అసలు లెక్కల దగ్గరికొచ్చేసరికి టంగుమనేది. "అయ్యో, టైమైపోయిందే!" అంటూ చల్లగా జారుకునేవారు.

ఆ రోజు విచారణకు ఆయన అక్క వచ్చింది. బట్టలు కుట్టుకు బతికే మనిషి, డయాలిసిస్ మీద నెట్టుకొస్తోంది. ప్రీమియం పెరిగితే పాలసీ వదులుకోవాల్సిందే.

"ఒరేయ్, నా వంతొచ్చినప్పుడు కాస్త చూసీచూడనట్టు ఉండరా," అంది గుమ్మం దగ్గర.

"ఉద్యోగం ఊడుతుందే అక్కా. ఎవరికైనా ఒకటే గంట."

"నీ గంట తగలెయ్య! చంకనేసుకుని మోసినందుకు బాగానే బదులు తీర్చుకుంటున్నావ్."

అన్నంత పనీ చేశాడు. అక్క తన జబ్బు సంగతి సగం చెప్పిందో లేదో, టంగుమంది. ఆమె మైకు వదిలి, సూదిపోట్ల చెయ్యి సంచి కింద దాచుకుని కూర్చుంది. గంటాయన తలెత్తలేకపోయాడు.

తర్వాత కంపెనీ ప్రతినిధి లేచాడు. వెన్నలాంటి గొంతు. మందుల ధరలు, ఆస్పత్రి ఖర్చులు అంటూ బట్టీపట్టినదంతా అప్పజెప్పి, ఇక ఆదుకోమన్నట్టు గంట వైపు చూశాడు. గంటాయన చెయ్యి గంట మీదే ఉంది. వేలు మాత్రం దిగలేదు. ప్రతినిధి నీళ్లు తాగాడు. మళ్లీ చూశాడు. గదంతా తననే చూస్తుంటే ఊరుకోలేక ఎండల గురించి మాట్లాడాడు, ట్రాఫిక్ గురించి మాట్లాడాడు. ఆ ఊపులోనే, "దేవుడి దయవల్ల ఈ ఏడు క్లెయిములు బాగా తగ్గాయండీ! కొత్త ఆఫీసు కూడా కట్టుకుంటున్నాం, మీరంతా తప్పక రావాలి," అనేశాడు.

విచారణ అధికారిణి కళ్లజోడు సవరించుకుంది. "తగ్గాయా? మరి పెంచమని ఎందుకు అడుగుతున్నారు బాబూ?"

అప్పుడు మోగింది గంట. ప్రతినిధే పరుగున వచ్చి కొట్టుకున్నాడని చెప్పేవాళ్లూ ఉన్నారు.

పెంపు కుదరదన్నారు. అక్క పాలసీ నిలిచింది. ఆమె తమ్ముడికో చొక్కా కుట్టి తెచ్చి, తొడిగించి, కాలరు సర్దుతూ అడిగింది.

"నిజం చెప్పరా. కావాలనే కొట్టలేదు కదూ?"

"కథలు అల్లకే అక్కా," అన్నాడు గంటాయన గుండీలు పెట్టుకుంటూ. "ఆ రోజు నేనసలు ఆఫీసుకే వెళ్లలేదు."