పురి వదిలిన చెయ్యి

అల్లవరంలో కొబ్బరిపీచు తాళ్ళు పేనే షెడ్డులో కనకరత్నానికి ఉన్న ఆస్తల్లా తాడుకి పురి ఎక్కించే ఒక్క రాట్నం. తల్లి పోతూ పోతూ చేతిలో పెట్టింది. తాళ్ళు పేనే ఆడవాళ్ళకి సంఘం పెట్టిన రోజున అధ్యక్షుడు శ్యామ్ బాబుగారు, "నాది అన్న మాటే స్వార్థమమ్మా! ఇక మీదట అన్నీ అందరివీ" అన్నాడు. పిచ్చిమాలోకం, నిజమే కాబోసనుకుని రాట్నం తెచ్చి షెడ్డులో పెట్టేసింది. ఆయనగారి కొబ్బరితోట మాత్రం ఇప్పటికీ ఆయనదే. చెప్పేవి శ్రీరంగనీతులు!

ఈ మహానుభావుడు ఏటేటా ఏకగ్రీవంగా ఎలా నెగ్గుతున్నాడనుకున్నారు? మీటింగు పని మధ్యలో పెడతాడు. ఆడవాళ్ళంతా ఆ రాట్నం కొక్కేలకి తాళ్ళు తగిలించి, ఒడిలో పీచు పెట్టుకుని, రెండు చేతులా పురి ఎక్కిస్తూ వెనక్కి వెనక్కి నడుస్తుంటారు. చెయ్యి వదిలేరా, తాడంతా విడిపోయి కష్టం బూడిదపాలే. రాట్నం తిప్పేది ఆయనగారి సొంత అక్క, ఆవిడ సంగతి చెప్పాలా? సరిగ్గా అప్పుడే ఫ్యాను కింద కుర్చీలోంచి అడుగుతాడు, "కాదన్నవాళ్ళు చెయ్యెత్తండి" అని. ఎవరెత్తుతారు? "ఏకగ్రీవం!" అని మీసం దువ్వుకుంటాడు. సిగ్గూ శరం ఉంటే కదా!

మొన్న మంగళవారం కొత్త తీర్మానం తెచ్చేడు. ఉప్పలగుప్తంలో తన బావమరిది పెట్టిన షెడ్డుకి ఈ రాట్నం పంపాలట. ఇక్కడికి మోటారు రాట్నం వస్తుందట. ఎప్పుడని మాత్రం అడక్కూడదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు ఉంది వరస.

కనకరత్నం పేనుతూనే తలెత్తింది.

"అది మా అమ్మదండీ" అంది.

"మీ అమ్మదేవిటమ్మా, అందరిదీని. కాదన్నవాళ్ళు చెయ్యెత్తండి."

కనకరత్నం పురి వదిలేసింది. పొద్దుటి నుంచి పేనిన తాడు మెలికలు తిరిగి పీచు పీచైపోయింది. ఏడుపొచ్చింది. అయినా చెయ్యెత్తింది.

"ఊరందరిదీ ఓ దారి, ఉలిపికట్టెది ఓ దారి" అని వెటకారంగా నవ్వేడు ఆయన. "ఒక్కతే. తీర్మానం నెగ్గింది."

"నెగ్గితే నెగ్గనివ్వండి. రాట్నం మాత్రం నాతో వస్తుందండీ."

వెళ్ళి చక్రం పట్టుకుని ఆపేసింది. కొక్కేలకున్న తాళ్ళన్నీ ఊడదీసింది. షెడ్డులో ఉన్నది ఆ ఒక్క రాట్నమే. పక్కన పేనుతున్న సీతారత్నం మొదలు అందరి తాళ్ళూ జారిపోయేయి. ఆడవాళ్ళు తిట్టలేదు. ఖాళీ అయిన చేతుల కేసి చూసుకున్నారు, ఆ తర్వాత కుర్చీ కేసి చూశారు.

శ్యామ్ బాబుగారు గబుక్కున లేచేడు.

"మీటింగు అయిపోయింది, వెళ్ళండి వెళ్ళండి!"

అప్పటికే సీతారత్నం చెయ్యెత్తేసింది.