పెద్దమ్మ ఫొటో, నా ఉచిత సాఫ్ట్‌వేరు

ఆ రోజుల్లో ఒక్క క్లిక్కుతో పని కానిచ్చేసే మనుషులంటే నాకు మహా చిన్నచూపు. యూనివర్సిటీ హాస్టల్లో ఉంటూ నాలుగో ఏడు పరిశోధన వెలగబెడుతున్నాను. థీసిస్‌లో ఒక్క అధ్యాయమూ పూర్తికాలేదు గానీ, లాప్‌టాప్‌లో విండోస్ పీకేసి, ఎవరైనా ఉచితంగా వాడుకోగల లినక్స్ ఎక్కించుకున్నాను కాబట్టి లోకాన్ని బాగుచేసే భారం నా మీదే ఉందని గట్టిగా నమ్మేవాణ్ణి. ఎవరైనా కొనకుండా కాపీ కొట్టిన దొంగ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారని తెలిస్తే టిఫిన్ మధ్యలో ఆపించి మరీ ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. (నేను మెస్‌లోకి వస్తుంటే రెండు మూడు టేబుళ్లు త్వరత్వరగా ఖాళీ అయ్యేవని తర్వాత తెలిసింది.)

అలాంటప్పుడు మా మెస్‌లో చపాతీలు చేసే పెద్దమ్మ పని మానేస్తోందన్నారు. మోకాళ్లు మాట వినడం లేదట. రోజూ రామంతాపూర్ నుంచి వచ్చి పొయ్యి దగ్గర నిలబడి, "ఇంకోటి తిను కొడుకా, గా పుస్తకాలు నిన్ను తింటున్నయ్" అంటూ వద్దన్నా కంచంలో పడేసే మనిషి. సాగనంపే రోజున ఆమె ఫొటో పెద్దది చేయించి ఫ్రేము కట్టించి ఇద్దామనుకున్నాం. ఫోన్ ఎత్తితే చాలు, కొంగు మొహానికి అడ్డం పెట్టేసుకునేది. చివరికి ఎప్పటిదో హాస్టల్ డే గ్రూపు ఫొటో దొరికింది. అందులో ఓ చివర గరిటె పట్టుకుని ఆమె నవ్వుతోంది. ఫొటో నిండా నీళ్లు పడ్డ మరకలు.

"తార్నాకల స్టూడియో ఉన్నది కదరా. ఇస్తే సాయంత్రం వరకు చేసిస్తడు" అన్నాడు మా రూమ్మేట్. వాడిది నల్గొండ వైపు, లోకజ్ఞానం ఎక్కువ.

"అతను వాడేది దొంగ సాఫ్ట్‌వేర్" అన్నాను.

"పెద్దమ్మకు ఎర్కైతదా ఏంది?"

"నా అంతరాత్మకు తెలుస్తుంది." (ఈ మాట అప్పట్లో తెగ వాడేవాణ్ణి.)

ఫొటోలు దిద్దడానికి జింప్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటుంది. లినక్స్‌లో దాన్ని ఎక్కించడం నిజానికి చిటికెలో పని. జాబితాలో పేరు వెతికి బటన్ నొక్కితే చాలు. కానీ బటన్ నొక్కితే ఇక నా గొప్పేముంది? దాని ప్రోగ్రామ్ కోడ్ అంతా దించుకుని, నల్ల తెర మీద ఆదేశాలు కొట్టి, నా చేతుల్తో నేనే తయారు చేసుకుంటానని కూర్చున్నాను. అది తయారవ్వాలంటే ఇంకేదో కావాలంది, అది లేదంది. ఆ ఇంకేదో ఎక్కిస్తే ఉన్నదేదో పోయింది. రెండో రోజు లాప్‌టాప్‌కు మాట పడిపోయింది, మూడో రోజు వైఫై పోయింది.

"ఫొటో దిద్దుతున్నవా, రాకెట్ ఇడుస్తున్నవారా? రేపే ఫంక్షన్!" అన్నాడు రూమ్మేట్.

వాడు స్నానానికి వెళ్లగానే తలుపు గడియ పెట్టి, ఫోన్ నుంచి నెట్ కలిపి, దొంగలా ఆ బటన్ నొక్కాను. టీ చల్లారేలోపు జింప్ వచ్చి కూర్చుంది.

గ్రూపు ఫొటోను ఫోన్‌తో తీసి ఎక్కించి, ఆమె వరకు కత్తిరించి, దిద్దడం మాత్రం శ్రద్ధగానే దిద్దాను. కొంగు మీద, బుగ్గ మీద, నుదుటి మీద, గడ్డం మీద, ఎక్కడ మరక కనిపిస్తే అక్కడ తుడిచేశాను. ముఖం కడిగిన ముత్యంలా వచ్చింది. రూమ్మేట్‌కు కూడా చూపించకుండా తార్నాక వెళ్లి (ఆ స్టూడియోకే, అంతరాత్మను హాస్టల్లో వదిలేసి) ప్రింటు తీయించి ఫ్రేము కట్టించాను.

మర్నాడు మెస్‌లో వార్డెన్ గారు నాలుగు మంచి మాటలు చెప్పి ఫ్రేము ఆమె చేతికిచ్చారు. పెద్దమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని, కాగితం విప్పి, చాలాసేపు చూసింది. నేను పొగడ్తకు సిద్ధంగా నిలబడ్డాను.

"ఈమె ఎవరు కొడుకా?"

"నువ్వే పెద్దమ్మా."

"నేనా? మరి నా పచ్చబొట్టేది?"

తలెత్తి చూశాను. కనుబొమల మధ్య నిలువుగా పచ్చటి గీత, గడ్డం మీద చుక్క. నాలుగేళ్లు ఆమె చేతి చపాతీలు తిన్నాను. ఆ ముఖాన్ని సరిగ్గా చూడటం అదే మొదటిసారి. సిగ్గుతో చచ్చిపోయాను.

"మరకలనుకున్నాను పెద్దమ్మా" అన్నాను, నాకే వినపడనంత మెల్లగా.

"చిన్నప్పుడు మా అవ్వ పొడిపిచ్చింది బిడ్డా. ఏడ్సి ఏడ్సి జరమొచ్చింది నాకు. సచ్చినంక సొమ్ములన్నీ ఈడనే తీస్కుంటరు, ఎంబడి వచ్చేది గిదొక్కటే అన్నది మా అవ్వ. నువ్వేమో నేను బతికుండంగనే తీస్కుంటివి!" అని పకపకా నవ్వింది. అప్పుడు అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మళ్లీ చేసి తెస్తానని ఫ్రేము అందుకోబోతే ఇవ్వలేదు. "వద్దు కొడుకా, మళ్ల ఏం తుడుస్తవో" అంటూ మెనూ బోర్డు రాసే మార్కర్ అడిగి తీసుకుని, అద్దం మీదే ఓ గీత గీసి, చుక్క పెట్టింది.

మొన్న రామంతాపూర్‌లో వాళ్లింటికి వెళ్లాను. ఫొటో గోడ మీదే ఉంది. దుమ్ము తుడిచినప్పుడల్లా బొట్టు చెరిగిపోతుందట, మళ్లీ పెట్టుకుంటుందట. అద్దం మీది గీత కదా, పక్కనుంచి చూస్తే బొట్టు కనుబొమ మీదికి జరిగిపోయి ఎవరో వేరే మనిషిలా ఉంటుంది. సరిగ్గా ఎదురుగా నిలబడితేనే పెద్దమ్మ. ఆమె చాయ్ పెట్టుకొచ్చేదాకా నేను అలా ఎదురుగానే నిలబడి చూశాను, అప్పటి నాలోని లోకోద్ధారకుణ్ణి తలుచుకుని నాలో నేను నవ్వుకుంటూ.