రాములన్న భుజానికెత్తిన పల్లకి

తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న రోజులు. మరిపెడ దగ్గర మా ఊళ్ళె క్రైస్తవుల పునీత అంతోనివారి గుడి పండుగ నాడే బందు పడ్డది. ఆయన విగ్రహం ఉన్న పల్లకిని ట్రాక్టర్ మీద ఊరేగిస్తుంటే ఉద్యమకారులు రాళ్లు పట్టుకొని అడ్డం నిలబడ్డరు.

"బందు నాడు బండి నడవద్దు. దింపుండ్రి!" అని ముందున్న రాములన్న గద్దించిండు. తెలంగాణ కోసం ప్రాణం తీసుకున్న పిలగానికి తండ్రి ఆయన.

భుజాల మీద మోసుకపోదామని పల్లకిని దింపినం.

"ఈయన ఏం జేస్తడు?" అని విగ్రహం దిక్కు చూసి రాములన్న అడిగిండు.

"ఏదన్న పోతే దొరికిస్తడన్నా" అన్నది మా అమ్మ. అన్నంక నాలిక కరుచుకున్నది.

రాములన్న చేతిల రాయి జారిపడ్డది. "మనుషులు గూడ దొరుకుతరా, చెల్లే?"

ఆయనే వంగి పల్లకి బొంగు భుజానికెత్తుకున్నడు. గుడి దాకా దింపలేదు.

రాష్ట్రం వచ్చింది. ఇప్పటికీ ప్రతి పండుగకు ఆయన వస్తడు. ఏం మొక్కుకుంటడో మేం అడగం. ముందు బొంగు మాత్రం ఆయనకే ఇడిసిపెడ్తం.