ఎక్స్‌రే పుట్టిన ఊళ్లో నాలుగు రోజులు

సుధామణి జర్మనీలో ఉన్నది నాలుగే రోజులు. ఎక్స్‌రే కనిపెట్టిన ఊరు వ్యూర్జ్‌బుర్గ్‌కి వెళ్లి కొత్త యంత్రం వాడకం నేర్చుకు రమ్మని ఆమె ఎక్స్‌రేలు తీసే సర్కారు ఆసుపత్రి బర్మాలోని యాంగోన్ నించి పంపింది. అప్పటికి కొడుక్కి ఏడాది నిండలేదు. అక్కడున్నన్నాళ్లూ పిల్లాడి మీద బెంగ. తిరిగొచ్చాక ఆ ఊరి మీద బెంగ.

ఊరి మధ్యన మైన్ నది. ఇళ్ల వెనకనించే కొండెక్కిపోయే ద్రాక్షతోటలు. పాత రాతి వంతెన మీద సాయంత్రమయ్యేసరికి జనం గ్లాసులు పట్టుకుని నిలబడి, తొందరలేకుండా మాట్లాడుకుంటారు. వంతెన మొదట్లో ఒకామె పళ్లెం నిండా గ్లాసులతో కనిపించింది. యాంగోన్‌లో దారినపోయేవాళ్ల కోసం ఇళ్లముందు మంచినీళ్ల కుండలు పెడతారు. ఇదీ అలాంటి దానమే అనుకుంది సుధామణి. గ్లాసు అందుకుని, తల వంచి, దానానికి మెచ్చుకోలుగా బర్మా అలవాటు కొద్దీ మూడుసార్లు 'సాధు' అనేసి ముందుకు నడిచింది. యంత్రం పాఠం చెప్పే మార్తా వెనకనించి డబ్బు కట్టి, నవ్వలేక చచ్చింది. అది ద్రాక్షసారా అని సగం తాగాక గాని తెలియలేదు.

ఈ కథ ఎన్నిసార్లు విన్నా అత్త అచ్చమ్మ ఒకటే అనేది: "దానమనీసి తాగీసినావు. ఆల్లు మనల్ని ఏటనుకుంటారే?"

తర్వాత 2021 ఫిబ్రవరిలో బర్మాలో సైన్యం గద్దెనెక్కింది. ఆసుపత్రి వాళ్లంతా సమ్మెలోకి దిగారు, సుధామణి కూడా. మార్చికల్లా సమ్మె చేసినవాళ్ల కోసం సిపాయిలు ఇల్లిల్లూ వెతుకుతున్నారు. కనిపించని కిరణాలనించి మనిషిని కాపాడటం ఆమెకు తెలుసు: ఎంత దూరం, ఎంత సేపు, ఎంత మందం సీసం. వీధిలో బూట్ల చప్పుడుకి అలాంటి లెక్క లేదు.

అప్పుడు మార్తా కబురు పంపింది. తమ ఆసుపత్రిలో మూడు నెలల పనికి చోటుంది, కరోనాకి మామూలు విమానాలు ఆగిపోయినా మింగళాడోన్ విమానాశ్రయం నించి వెళ్లే ప్రత్యేక విమానంలో ఒక సీటుంది, వీసా తను చూసుకుంటుంది. పిల్లాడికి పాస్‌పోర్టు లేదు. ఇప్పుడు అడిగితే తల్లి పేరు, ఇంటి చిరునామా చెప్పాలి; సిపాయిలు నేరుగా ఇంటికే వస్తారు.

చౌక్తడా పేటలో వకీలు దగ్గర గుమస్తాగా చేసే భర్త సూర్యప్రకాష్ వెళ్లమన్నాడు. అచ్చమ్మ అప్పటికే సంచీ సర్దింది.

"ఎల్లిపో సుదా. నీ మొగుణ్ణి పెంచినాను, ఈ గుంటడో లెక్కా?"

"మల్లీ రానిస్తారా అత్తా?"

"రానీకపోతే పానంతోనైనా ఉంతావు."

సుధామణి కాదనలేదు. ఆ మైన్ నది మీద గాలి ఆమె ముఖానికి తగిలినట్టే ఉంది.

ఆ మధ్యాహ్నం పక్క వీధిలో ఒక నర్సు కోసం సిపాయిలొచ్చారు. నర్సు దొరకలేదు. ఆమె తల్లిని పట్టుకుపోయారు.

సుధామణి తలుపు గడియ వేసింది. తను విమానమెక్కితే వాళ్లు పట్టుకుపోయేది ఎవరినో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

"నానెల్లను అత్తా. అందరం ఏరవతల తన్లిన్‌లో అప్పలమ్మ పిన్నింటికి పోయి దాక్కుందాం."

అచ్చమ్మ కోడలి ముఖం చూసింది. సంచీలోంచి ఉన్నికోటు తీసి పక్కన పడేసి, ఆ ఖాళీలో మనవడి చొక్కాలు కుక్కింది. సూర్యప్రకాష్ బండి కోసం బయల్దేరాడు.

సైన్యం రోజూ రాత్రి ఆపేసే సిగ్నల్ ఇంకా ఉండగానే సుధామణి మార్తాకి రాసింది, రాలేనని. పంపాక కూడా ఫోను కింద పెట్టలేదు. చాలా రావాలనుంది అని ఇంకొకటి పంపింది.