పచ్చలైటు పెట్టె

ద్వీపంలో అందరూ అతణ్ణి లైన్‌మన్ అనే పిలుస్తారు. భుజాన నిచ్చెన, జేబులో చిన్న బ్యాటరీ లేనిదే గడప దాటడు. ద్వీపానికి ఇంటర్నెట్ తీగ ప్రభుత్వం వేయాలి, ఇంటింటికీ కనెక్షన్ ఒక కంపెనీ ఇవ్వాలి అని ఒప్పందం. తీగ అవతలి రేవు దగ్గరే ఆగిపోయింది. కంపెనీ నెట్ పెట్టెలు మాత్రం ఇంటింటికీ వచ్చాయి. అతను పెట్టెను గోడకు బిగించి, తువ్వాలుతో దుమ్ము తుడిచి, వెనక బ్యాటరీ తగిలిస్తాడు. పచ్చలైటు వెలగగానే "కాస్త నవ్వండి వదినా" అని ఫోటో తీస్తాడు. పని పూర్తయిందనడానికి ఆ ఫోటోనే రుజువు. తర్వాత బ్యాటరీ పీకి జేబులో వేసుకుని, "పైవాళ్లు చెప్పిందేగా, మనదేం పోయింది" అనుకుంటూ పక్కింటికి నడుస్తాడు.

ఫోటోలన్నీ పైకి చేరాక, నెట్ వచ్చేసింది కదా అని, వారం వారం లాంచీలో వచ్చే డాక్టర్ని అధికారులు మానిపించారు. ఇక వైద్యమంతా తెర మీదేనట. మొన్న ఆయాసంతో రొప్పుతున్న తన తల్లిని అతనే మోసుకొచ్చి ఆస్పత్రిలో తెర ముందు కూర్చోబెట్టాడు. తెర నల్లగా ఉంది. ఏం చేయాలో తోచక నిలబడితే, చేతులు అలవాటు కొద్దీ గోడమీది పెట్టెను తుడిచి బ్యాటరీ తగిలించాయి. పచ్చలైటు వెలిగింది. అది చూసి తల్లి పైట సర్దుకుని, నల్లటి తెరకు దణ్ణం పెట్టి, "ఊపిరి ఆడటం లేదు బాబూ" అని చెప్పుకోవడం మొదలుపెట్టింది.