పెద్దబాపు అణుబాంబు పేపర్లు

మా పెద్దబాపు, నాన్నకు అన్న, పోయారు. పోయిన సోమవారం పొద్దున ఆయన కోడలు, మా వదిన, ఫోన్ చేసి, "మామ లేస్తలేడు మరిదీ, జల్ది రా" అంది. కుంభారి నుంచి భవాని పేట్‌లో ఆయన ఇంటికి బండి మీద వెళ్తూ నేను ఏడవలేదు. ఆ పేపరు సంగతి ఇక బయటపడదులే అనుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

నూలుకు రంగులద్దే కార్ఖానాలో ఆయన జీవితం గడిచింది. రంగు పక్కా అని సేఠ్ ఎంత చెప్పినా వినేవారు కాదు. తడిపిన తెల్లగుడ్డతో నూలును రుద్ది, గుడ్డకు అంటలేదని చూశాకే మగ్గానికి పంపేవారు. పాలవాడి నుంచి డాక్టరు దాకా అందరి మీదా ఆయనకు అనుమానమే.

పెద్ద యుద్ధం ముగిశాక తొలి ఏళ్లలో జరిగిన అణుబాంబు పరీక్షల వార్తలున్న మరాఠీ పేపర్లను ఆయన కూడబెట్టారు. పేట్‌లో ఎవరు ఇల్లు ఖాళీ చేస్తున్నా వెళ్లి, పెట్టెల అడుగున పరిచిన కాగితాలు తిరగేసేవారు. పాత కాగితాలు కొనే రద్దీ దుకాణం వాడు ఆయన్ని చూస్తే దూరం నుంచే దండం పెట్టేవాడు.

ఒకసారి నన్ను కూర్చోబెట్టి, దూరపు సముద్రంలో పేల్చిన బాంబు వార్త చూపించారు. జనానికి ప్రమాదం లేదన్న వాక్యం మీద వేలుపెట్టి, "ఎవ్వడు జూసి చెప్పిండు?" అన్నారు. పక్కన తర్వాతి పేపరు పెట్టారు. బూడిద పడి చేపలు పట్టేవాళ్లు జబ్బుపడ్డారని అందులో ఉంది.

"రంగుల వాసనతోని ఏం గాదని మా సేఠ్ గూడ గిట్లనే అన్నడు" అని దగ్గారు. ఆ దగ్గే చివరికి ఆయన్ని తీసుకుపోయింది. ఏది చదివినా అడిగి చదవడం నాకు నేర్పింది ఆయనే.

కానీ మీకు నిజం చెప్పాలి. నేను ఆయన్నే అనుమానించాను. ఇంత సరిగ్గా సరిపోయే పేపర్లు దొరుకుతాయా, ఎక్కడైనా అచ్చు వేయించారా అని. బడిలో మరాఠీ చెప్పే స్నేహితుడికి చూపిద్దామని ఆ రెండో పేపరు చెప్పకుండా పట్టుకెళ్లాను. అసలుదేనన్నాడు. తిరిగొచ్చేసరికి అది బండి డిక్కీలో మడతల దగ్గర ముక్కలైంది.

పేపరు పోయిందని తెలిసిన రోజు నుంచి పెద్దబాపు వదిన చేతి చాయ్ ముట్టలేదు. ఆమే దాన్ని పొయ్యిలో వేసిందని ఆయన అనుమానం. ఆమె రోజూ పెట్టేది, చల్లారాక పారబోసేది.

"నన్నెందుకు అడుగవు పెద్దబాపూ?" అన్నాను ఉండబట్టలేక.

"నిన్నేం అడుగుత కొడుకా? వీటిని కూసోని సదివినోనివి నువ్వొక్కనివే."

అప్పుడైనా చెప్పాల్సింది.

ఆయన పోయిన మూడోనాడు వదిన పేపర్ల కట్ట తెచ్చి నా ముందు పెట్టింది. "నీకే ఇయ్యమన్నడు. అండ్ల ఒకటి లేదు. నేను తియ్యలే మరిదీ, దేవుని మీద ఆన."

"నేనే తీసిన వదినా. చినిగిపోయింది."



"ముక్కలైనా తీస్కరా. నేను సూడాలె" అంది.

కట్టను తన ఒళ్లోకి లాక్కుని, అటు తిరిగి కూర్చుని, దారానికి ఇంకో ముడి వేసింది.