కొండలయ్య చెప్పని కిటుకు

దివిసీమలో, నాగాయలంక అవతల సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పల్లెపాలెం కొండలయ్యది. వేటకు పోయిన తండ్రి తిరిగి రాలేదు. అప్పటినుంచి తల్లి అతన్ని పడవ ఎక్కనివ్వలేదు. పంతొమ్మిదేళ్ల వయసులో చేపల బుట్టల లారీ ఎక్కి బెజవాడ వచ్చి, బందరు రోడ్డు పక్కన వెంకటప్పయ్యగారి ఐసు ఫ్యాక్టరీ ముందు దిగి, అక్కడే పనిలో కుదురుకున్నాడు. మొదట ఐసు దిమ్మలు మోశాడు. తరవాత మిషన్లకు నూనె పోసే పని చేశాడు. పదేళ్లు తిరిగేసరికి ఆపరేటరు కొండలయ్య అయ్యాడు. చదువు రెండో తరగతి. మిషను మాట మాత్రం చెవితోనే పట్టేసేవాడు.

ఆ ఫ్యాక్టరీకి గుండెకాయ ఒక పెద్ద కంప్రెసరు. అది అమ్మోనియా గ్యాసును నొక్కి గొట్టాల్లోకి పంపిస్తే, ఆ గొట్టాలు ఉప్పునీటి తొట్టిని చల్లబరుస్తాయి. తొట్టిలోకి దించిన రేకు డబ్బాల్లో మంచినీళ్లు గడ్డకట్టి ఐసు దిమ్మలవుతాయి. బందరు నుంచి, కొల్లేరు నుంచి వచ్చిన చేపలు కలకత్తా రైలెక్కాలంటే ఆ ఐసు కావాలి. సోడా బళ్లకూ అదే కావాలి.

డెబ్భైమూడు వేసవిలో కరెంటు కోతలు మొదలయ్యాయి. వెంకటప్పయ్యగారు మూతపడిన ఒక సినిమా హాలు నుంచి డీజిల్ జనరేటరు కొని తెచ్చారు. మొదటి రోజే చిక్కు వచ్చిపడింది. స్విచ్చి వేయగానే కంప్రెసరు మోటారు ఒక్కసారిగా కరెంటు గుంజింది. లైట్లు మసకబారాయి. జనరేటరు గుక్క తిప్పుకోలేక ఆగిపోయింది. నాలుగుసార్లు ప్రయత్నిస్తే నాలుగుసార్లూ అంతే. జనరేటరు బిగించిన ఎలక్ట్రీషియను చేతులు తుడుచుకుంటూ, "ఇది చాలదండి. దీనికి రెట్టింపుది కావాలి," అని చెప్పి వెళ్లిపోయాడు.

కొండలయ్య మూడు రోజులు ఆ రెండు మిషన్ల మధ్య స్టూలు వేసుకుని కూర్చున్నాడు. నాలుగో రోజున, "అయ్యగారూ, అందరినీ బయటికి పంపండి. గ్యాసు లీకైతే ప్రమాదం," అన్నాడు. లోపల గడియ పెట్టుకున్నాడు. పావుగంటకి కంప్రెసరు తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

నిజానికి గ్యాసు లీకయ్యే పనేమీ లేదు. తను చేసేది ఎవరూ చూడకూడదని ఆ మాట అన్నాడు. ఆ కిటుకు అతనొక్కడిదే అయింది. కోత పడిన ప్రతిరోజూ అందరూ బయటికి నడవాల్సిందే. వెంకటప్పయ్యగారు ఎవరు వచ్చినా, "మా కొండలయ్య లేకపోతే ఈ ఫ్యాక్టరీ లేదు," అని చెప్పుకునేవారు. ఆ మాట వినడం కొండలయ్యకు ఇష్టం.

మరుసటి ఏడాది మల్లేశ్వరరావు అనే ఎలక్ట్రీషియను చేరాడు. మంగళగిరి నేతవాళ్ల కుర్రాడు, ఐటిఐ చదివినవాడు. ఎదురు మాట్లాడేవాడు కాదు. డెబ్భైఐదులో కొండలయ్య జ్వరంతో పడుకున్న వారంలో, కరెంటు పోతే, యజమానిని అడిగి తనే జనరేటరు మీద కంప్రెసరు ఎక్కించబోయాడు. బెల్టు కాలింది, మీటరు పేలింది. వెంకటప్పయ్యగారు పదిమంది ముందు అతన్ని నానా మాటలూ అన్నారు. కొండలయ్య జ్వరం తగ్గి వచ్చి, వాల్వులు ఏ స్థితిలో ఉన్నాయో చూశాడు. పొరపాటు ఎక్కడో క్షణంలో అర్థమైంది. అయినా ఎవరికీ చెప్పలేదు. ఆనాటినుంచి మల్లేశ్వరరావు అతనితో ముక్తసరిగా తప్ప మాట్లాడలేదు.

డెబ్భైఏడు నవంబరు పంతొమ్మిది, శనివారం తుపాను వచ్చింది. ఆదివారం తెల్లారేసరికి బెజవాడలో స్తంభాలు పడి ఉన్నాయి, కరెంటు లేదు. కొండలయ్య ఎప్పట్లానే జనరేటరు వేసి కంప్రెసరు తిప్పాడు. పాత జనరేటరు ఏకబిగిన తొమ్మిది గంటల సేపు కంటే ఎక్కువ నడిచేది కాదు. తొట్టి చుట్టూ ఊక దట్టించి ఉంది కాబట్టి రాత్రంతా చల్లదనం నిలిచేది. కానీ పొద్దున్నే మళ్లీ ఎక్కించాలి.

సోమవారం రూతు అనే నర్సు ఆసుపత్రి జీపులో వచ్చింది.

"కొండలయ్యగారు మీరేనా అండీ? దివిసీమకి డాక్టర్లు వెళ్తున్నారు. కలరా ఇంజక్షన్లు చల్లగా ఉండకపోతే పనికిరావు. రోజూ ఐసు ఇవ్వగలరా?"

"ఇస్తామమ్మా. దివిసీమలో ఏమైందండీ?"

"సముద్రం ఊళ్ల మీదికి వచ్చిందటండీ," అంది.

మంగళవారం మధ్యాహ్నానికి దివిసీమ నుంచి మనుషులు రావడం మొదలుపెట్టారు. అవనిగడ్డ నుంచి నడిచి వచ్చిన ఒకతను, కొండలయ్య తన పాలెం పేరు చెప్పగానే తల అడ్డంగా ఊపాడు. "అక్కడ ఇళ్లు లేవు. ఉన్నవాళ్లు ఎక్కడున్నారో తెలీదు," అన్నాడు. తల్లి ఎప్పుడో పోయింది; ఆ పాలెంలో కొండలయ్య చెల్లెలు అంకాలమ్మ ఉంది. భర్త, ఇద్దరు పిల్లలు.

కొండలయ్య వెంటనే చొక్కా మార్చుకున్నాడు. గేటు దాకా వెళ్లి ఆగాడు. తను వెళ్తే రేపు పొద్దున కంప్రెసరు ఎవరు ఎక్కిస్తారు? వెంకటప్పయ్యగారు అతన్ని చూసి దగ్గరికి వచ్చారు.

"వెళ్లొద్దని నేను అనలేను కొండలయ్యా. కానీ ఐసు ఆగితే ఆ ఇంజక్షన్లు పాడైపోతాయి. నువ్వే ఆలోచించుకో."

ఆ రాత్రి అతనికి అన్నం దిగలేదు. మిషను గొప్పో, చెల్లెలు గొప్పో అన్న ప్రశ్న కాదు అది. కిటుకు ఇంకొకరికి చెబితే రెండూ జరుగుతాయి. చెప్పాలంటే మల్లేశ్వరరావుకి చెప్పాలి. ఇంతమంది మనుషులు పోయిన చోట, తన పట్టుదల ఎంత చిన్నదో అతనికే తెలుస్తూ ఉంది. అయినా చెప్పడానికి మనసు ఒప్పేసరికి తెల్లవారింది.

బుధవారం పొద్దున అందరూ అలవాటు ప్రకారం బయటికి నడుస్తుంటే, "మల్లేశ్వరరావూ, నువ్వు ఉండు," అన్నాడు.

మల్లేశ్వరరావు అనుమానంగా ఆగాడు. కొండలయ్య గడియ పెట్టలేదు.

"ఇటు చూడు. ముందు ఈ గ్యాసు వచ్చే వాల్వు మూసెయ్యాలి. తరవాత గ్యాసును పక్కదారి పట్టించే ఈ అడ్డవాల్వు తెరవాలి. అప్పుడు కంప్రెసరుకి నొక్కడానికి ఏమీ ఉండదు, ఖాళీగా తిరుగుతుంది. ఖాళీ బండిని లాగడం ఎద్దుకి తేలికే కదా."

తరవాత చక్రాన్ని చేత్తో సగం తిప్పి చూపించాడు. నీళ్ల పంపు, లైట్లు అన్నీ ఆపించాడు. జనరేటరు వేగం కాస్త పెంచాడు. మోటారు స్టార్టరు పిడిని మొదటి గంటు మీద పెట్టి, చెవి దగ్గరగా పెట్టమన్నాడు.

"ఈ మూలుగు సన్నబడి సమంగా వచ్చేదాకా రెండో గంటు వెయ్యొద్దు. తొందరపడ్డామా, జనరేటరు కూలబడుతుంది."

మోటారు అందుకుంది. కొండలయ్య అడ్డవాల్వు మూసి, గ్యాసు వాల్వును వేలి మందం చొప్పున తెరుస్తూ పోయాడు. మీటరు ముల్లు మెల్లగా లేచి నిలబడింది.

మల్లేశ్వరరావు ఆ ముల్లునే చూస్తూ అన్నాడు. "ఆ రోజు నేను అడ్డవాల్వు తెరిచానండి. ఇటు గ్యాసు వాల్వు మూయలేదు. అదేనా తప్పు?"

"అదే."

"మీకు అప్పుడే తెలుసా?"

కొండలయ్య చేతిలో గుడ్డ మడతపెట్టాడు. "తెలుసు."

మల్లేశ్వరరావు ముఖం ఎర్రబడింది. కానీ అతను అన్నది వేరే మాట. "ఆపేయండి. మళ్లీ మొదట్నుంచి నేను చేస్తాను, చూడండి."

రెండుసార్లు చేశాడు. మొదటిసారి రెండో గంటు తొందరగా వేస్తే జనరేటరు తూలింది. రెండోసారి చెయ్యి ఆపి, ఊపిరి బిగబట్టి విన్నాడు. చిన్నప్పుడు మగ్గం మీద దారం బిగువు వేళ్లతో చూసిన మనిషి. పట్టు దొరికింది.

"ఇక మీరు వెళ్లండి," అన్నాడు.

గురువారం ఐసు పెట్టెలతో వెళ్తున్న ఆసుపత్రి జీపులో రూతు పక్కన కొండలయ్య కూర్చున్నాడు. కంకిపాడు దాటాక పడిన చెట్లు, ఆపైన నీళ్లు. కొంత దూరం జీపు, కొంత దూరం పడవ. అవనిగడ్డ బడిలో తలదాచుకున్నవాళ్లలో అతను రెండు రోజులు వెతికాడు. ప్రతి గది గుమ్మంలో నిలబడి పేరు పిలిచాడు. శనివారం ఒక గది మూలనుంచి, "అన్నయ్యా," అని వినిపించింది.

అంకాలమ్మ చేతులు మోచేతుల దాకా చీరుకుపోయి ఉన్నాయి. తుమ్మకంపను పట్టుకుని రాత్రంతా నీళ్లలో ఉందట. పెద్దపిల్ల ఆమె ఒడిలో ఉంది. భర్త, చిన్నవాడు అక్కడ లేరు. అతను అడగలేదు. రూతు ఆ చేతులకు కట్టు కట్టి, తల్లీకూతుళ్లిద్దరికీ ఇంజక్షను ఇచ్చింది. ఐసు పెట్టె మూత తీసినప్పుడు పిల్ల చెయ్యి లోపలికి పోనిచ్చి ముక్క ఒకటి తీసుకుని నోట్లో పెట్టుకుంది. ఎవరూ వద్దనలేదు.

తుపాను వచ్చిన తొమ్మిదో రోజున వాళ్లని వెంటబెట్టుకుని బెజవాడ వచ్చాడు. ఫ్యాక్టరీ వీధి మొదట్లోనే కంప్రెసరు చప్పుడు విన్నాడు. సమంగా ఉంది. ఒక్కపూట కూడా ఐసు ఆగలేదని గేటు దగ్గరే చెప్పారు. లోపల తలుపులు బార్లా తీసి ఉన్నాయి. మల్లేశ్వరరావు వాల్వుల మీద సుద్దముక్కతో ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేశాడు. ఎవరైనా చూసి చేయగలిగేలా ఉంది. కొండలయ్య ఆ అంకెలను ఒక్కొక్కటిగా చూశాడు. ఇన్నేళ్లు దాచుకున్నది గోడ మీద లెక్కలా కనిపిస్తోంది.

వెంకటప్పయ్యగారు నవ్వుతూ, "ఏం కొండలయ్యా, ఇంత సుళువైన దానికా మమ్మల్ని బయట నిలబెట్టావు?" అన్నారు.

"అవునండి," అన్నాడు కొండలయ్య. "ఇంకో సంగతి కూడా చెప్పాలండి. ఆనాడు బెల్టు కాలిన రోజు మీరు మల్లేశ్వరరావుని అన్నారు. తప్పు అతనిది కాదు. చెప్పనిది నేను."

వెంకటప్పయ్యగారి నవ్వు ఆగింది. ఆయన మల్లేశ్వరరావు వైపు చూశారు. అతను మీటరు అద్దం తుడుస్తూ, "చెల్లెమ్మగారు కులాసాగా ఉన్నారా అండీ?" అని కొండలయ్యను అడిగాడు.

పదమూడో రోజున కరెంటు వచ్చింది. ఆపరేటరు పని ఇద్దరూ పంచుకున్నారు. కొండలయ్యను ఎవరూ తీసేయలేదు. పైగా ఆ మరుసటి వేసవిలో కంకిపాడులో పాలు చల్లబరిచే కేంద్రం వాళ్లు జనరేటరుతో అవస్థ పడుతుంటే పిలిపించుకున్నారు. పక్క ఊళ్లనుంచి కూడా కబుర్లు వచ్చేవి. ఎక్కడికి వెళ్లినా ముందు ఆ ఊరి మనిషిని ఒకణ్ని పక్కన నిలబెట్టుకునేవాడు.

అంకాలమ్మ మళ్లీ సముద్రం వైపు వెళ్లలేదు. చేతులు మానాక బెజవాడ మార్కెట్లో చేపల గంప పెట్టుకుంది. పిల్లని బడిలో వేశారు. మొదటి నెలంతా ఆ పిల్ల వాన చినుకు పడితే చాలు బల్ల కిందికి దూరేది. తరవాత తరవాత మానేసింది.